ఏడుగురు అర్బాబులు

ఆ గురువారం పొద్దున ఖాదర్‌వలి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. పది గంటల్లోపు నాలుగు పరికిణీలకు నడుం పట్టీలు కుట్టేయాలి. పదింటికి అర్బాబు రషీద్ వచ్చి కారు హారన్ కొడతాడు. ఆయనకు టీ అందించి, ముఖం ప్రసన్నంగా ఉంటే సొరుగులోని కాగితం సంగతి మళ్లీ కదపాలి. మధ్యాహ్నం కడపలో ఉన్న భార్య జైనబీకి ఫోన్ చేసి, కదిపానని చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటీ అమెరికాకు సంబంధించినది కాదు. అయినా పది కాకముందే అమెరికా వచ్చి ఆయన షాపులో తిష్ఠ వేసింది.

ఇది 2009 నాటి సంగతి. అప్పట్లో మస్కట్‌లో, అందులోనూ దార్సైట్‌లో కాపురమున్న తెలుగువాళ్లకు ఆ షాపు గుర్తుండకుండా ఉండదు. ఇండియన్ స్కూలు నుంచి కృష్ణుడి గుడి వైపు నడుస్తుంటే ఒక కిరాణా కొట్టుకూ ఒక నెట్ షాపుకూ మధ్య ఇరుక్కుని ఉండేది. బోర్డు మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ‘వర్దత్ అల్ వాది టైలరింగ్’ అని రాసి ఉన్నా, ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపేవారు కాదు. ఖాదర్ షాపంటే మాత్రం స్కూలు పిల్లలు కూడా వెంటబెట్టుకొచ్చి దింపేవారు. ఆ వీధిలోని ఆడపిల్లలందరి ఎత్తూ ఏడాదికేడాది ఆయన కొలతల పుస్తకంలో ఎక్కుతూ ఉండేది. వాళ్లలో కొందరు ఇప్పుడు డాక్టర్లు. ఎనిమిదో తరగతిలో వాళ్లు ఎంత పొడుగుండేవాళ్లో కన్నతల్లులు కూడా మరిచిపోయారు గానీ, ఆ పుస్తకం దొరికితే ఇప్పటికీ చెబుతుంది.

షాపులో రెండు మిషన్లుండేవి. ఒకటి ఖాదర్‌వలిది. రెండోదాని మీద పదకొండేళ్లుగా పూల గుడ్డ కప్పి ఉండేది. దాని మీద ఎవరైనా సంచి పెట్టబోతే, అంత నెమ్మదస్తుడూ కసురుకునేవాడు. అది జైనబీ మిషను. జైనబీ కడపలో ఉండేది, మిషను మస్కట్‌లో ఉండేది, అదీ ఇబ్బంది.

ఆ దేశంలో బయటివాడు షాపు నడపాలంటే అక్కడి మనిషి ఒకడు దానికి యజమానిగా ఉండాలి. లైసెన్సు ఆయన పేరు మీద, వీసాలు ఆయన సంతకం మీద, తప్పొప్పులు ఆయన నెత్తిమీద. ఆయన్నే అందరూ అర్బాబు అనేవారు. ఖాదర్‌వలి అర్బాబు రషీద్ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపి మానేసిన పెద్దమనిషి. సమాయిల్‌లో కొద్దిగా ఖర్జూర తోట ఉంది. రోజూ పదింటికి షాపు ముందు కారాపి హారన్ కొట్టేవాడు, దిగేవాడు కాదు. ఖాదర్‌వలి గ్లాసుతో వెళ్లి కిటికీకి ఆనుకుని నిలబడేవాడు. వాళ్ల మాటలు సగం హిందీ, సగం అరబ్బీ. మిగిలిపోయినదేదో తల ఊపడంతో సరిపోయేది. పదకొండేళ్లలో ఆ టీ తప్పిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

జైనబీని తెప్పించమని అడిగినప్పుడల్లా రషీద్ ఒకే మాట అనేవాడు: ఇద్దరికి సరిపడా పని చూపించు, రెండో మనిషికి వీసా నేను తీస్తాను. ఆ ఏడాది ఆ పని వచ్చింది. వచ్చింది కూడా మామూలు దారిలో కాదు.

పైఅంతస్తు ఫ్లాట్‌లో ఉండి వెళ్లిన జగిత్యాల సుమలత రెండేళ్ల కిందట న్యూజెర్సీ చేరింది. ఆమె పెళ్లి చీర కత్తిరించి ఖాదర్‌వలి ఆమె కూతురికి కుట్టిన పట్టు పరికిణీని అక్కడి తల్లులంతా చూశారు. అంచు ఎక్కడా తెగకుండా చుట్టూ ఒకేలా తిరిగిన ఆ కుట్టు ఎవరిదని అడిగారు. అప్పుడు షాపు పైన కాపురముండే రామాంజనేయులు రంగంలోకి దిగి, చేతిపనులు అమ్ముకునే ఒక వెబ్‌సైటులో షాపుకో పేజీ తెరిచాడు. భార్య మల్లీశ్వరి కొత్త దుప్పటి గోడకు కట్టి, దాని ముందు పరికిణీలు వేలాడదీసి ఫొటోలు తీశాడు. పట్టు ధర్మవరంలో జైనబీ ఎంచేది. మస్కట్ వచ్చేవాళ్లెవరు దొరికితే వాళ్ల పెట్టెలో రెండు కిలోలు ఇరికించి పంపేది. ఆ రోజుల్లో ఎవరు ప్రయాణమవుతున్నా వాళ్ల సామానులో సగం వీధిదే.

అలా అమెరికాలో ఆరు రాష్ట్రాలకు పరికిణీలు వెళ్లాయి. ఇప్పుడు న్యూజెర్సీలో ఉగాది వేడుకకు నాట్యం చేసే ఇరవై మంది ఆడపిల్లలకు ఒకేసారి కావాలని సుమలత కబురు చేసింది. ఖాదర్‌వలి ఆ కబురు రషీద్‌కు చెప్పి, వీసా కాగితం నింపించి, జైనబీ ఫొటో పిన్ను కొట్టి సొరుగులో పెట్టుకున్నాడు. ఇరవై పరికిణీలూ ఓడెక్కనీ, విమానమెక్కనీ, ఆ రోజే సంతకం అన్నాడు రషీద్.

ఆ గురువారం వచ్చిన అమెరికా ఏమిటంటే సుమలత ఈమెయిలు. ఒక తల్లి అడుగుతోందట: మా రాష్ట్రం అమ్మకం పన్ను దీనికి కలుపుతారా, కలపరా? వెబ్‌సైటువాళ్ల నియమాలు చూసి చెప్పమని రాసింది. ఒమన్‌లో అప్పటికి అమ్మకం పన్ను అనేది లేదు. వస్తువుకో ధర ఉండేది, అది ఇచ్చేస్తే వస్తువు మనదయ్యేది. ఖాదర్‌వలికి ప్రశ్నే అర్థం కాక రామాంజనేయులుకు కబురు పెట్టాడు.

రామాంజనేయులుది ప్రొద్దుటూరు. అల్ ఖువైర్‌లో ఒక కంపెనీలో గుమస్తా. మంత్రిత్వ శాఖలకు వెళ్లే కాగితాలన్నీ ఆయన చేతిమీదుగానే తయారయ్యేవి. పదేళ్లుగా ఫారాలు నింపీ నింపీ, ఏ ఫారమైనా మొదటి రెండు పేజీలు చదివితే చాలు, మిగతావి ముద్రలు వేయడానికని కనిపెట్టాడు. ఆ నమ్మకం పదేళ్లలో ఒక్కసారీ బెడిసికొట్టలేదు. పక్క నెట్ షాపులో పంతొమ్మిది పేజీల నియమాలు ప్రింటు తీయించుకొచ్చి, స్టూలు మీద కూర్చుని రెండు పేజీలు శ్రద్ధగా చదివాడు.

రెండో పేజీ చివర ఉన్నదిదీ: ఏ రాష్ట్రంలోనైతే అమ్మకందారుకు ఉనికి ఉంటుందో, అంటే షాపో, సరుకో, తన తరఫున మనిషో ఉంటారో, ఆ రాష్ట్రంలో నమోదు చేసుకుని అక్కడి పన్ను వసూలు చేసి కట్టాలి. ఉనికి అన్నచోట రామాంజనేయులు పెన్నుతో మూడు గీతలు గీశాడు.

"మామా, రెండేండ్లనుంచీ మనం తప్పు చేస్తాండాం," అన్నాడు.

"ఏం తప్పు అల్లుడూ? కొలతేమన్నా పోయిందా?"

"కొలత కాదు. అమెరికాలో మనకు మనిషి ల్యాడు. ఒక్క రాష్ట్రంలో కూడా ల్యాడు. అర్బాబు లేకుండా అమ్ముతాండాం మామా మనం."

ఖాదర్‌వలి చేతిలోంచి నడుం పట్టీ జారిపోయింది. పదకొండేళ్లుగా ఆయన అర్బాబు పేరు లేకుండా ఒక్క హుక్కు అమ్మి ఎరగడు. అన్ని రాష్ట్రాలకూ అర్బాబులు కావాలా అని అడిగాడు. యాభై ఉన్నాయి గానీ మనం అమ్మినవి ఆరే, ఆరుగురు చాలన్నాడు రామాంజనేయులు.

ఆయన్ను చూసి నవ్వడం ఇప్పుడు తేలిక. కానీ పదేళ్లు మంత్రిత్వ శాఖల కిటికీల ముందు నిలబడ్డ మనిషికి, స్థానికుడి పేరు లేని కాగితం కాగితమే కాదు. మనిషి లేకపోతే అమ్మకూడదనే ఆయనకు తెలుసు. మనిషి లేకపోతేనే నిశ్చింతగా అమ్ముకోవచ్చనే దేశం ఒకటి ఉంటుందని ఊహించడానికి ఆయన అనుభవంలో ఏ ఆధారమూ లేదు. మల్లీశ్వరి మాత్రం మెట్లమీద నిలబడి, "అంత పెద్ద దేశం మన మామ పరికిణీల కోసం కాసుకోని కూచోనుందా? ఆ మిగతా పేజీలు కూడా సదవరాదూ," అంది. ఆఫీసు సంగతులు నీకేం తెలుసునన్నాడాయన.

పదింటికి హారన్ మోగింది. ఖాదర్‌వలి టీ తీసుకెళ్లాడు. మనిషి పరధ్యానంగా ఉన్నాడేమని రషీద్ అడిగాడు. అనవసరంగా పెద్దాయన్ను కంగారు పెట్టడం ఎందుకని అంతా ఖైరే, క్షేమమే అన్నాడు. సొరుగులోని కాగితం సంగతి ఆ రోజు మరిచేపోయాడు. జైనబీకి ఏం చెప్పాలో తెలియక ఎండ ఎక్కువగా ఉందని చెప్పాడు.

సాయంత్రానికి ఆరు ఉత్తరాలు తయారయ్యాయి. ఆరు రాష్ట్రాల్లోనూ ఇదివరకు పరికిణీలు కొన్న ఆరుగురు తల్లులను, ఆయా రాష్ట్రాలకు షాపు తరఫు ప్రతినిధులుగా నియమించినట్టు రామాంజనేయులు ఆఫీసు ఇంగ్లీషులో రాశాడు. కింద షాపు ముద్ర రెండుసార్లు వేశాడు, ఒకటి సరిగా పడకపోతే రెండోది ఉంటుందని. స్కాను చేసి పంపాడు.

జవాబులు వారంలో వచ్చాయి. టెక్సస్ ఆవిడ ఉబ్బితబ్బిబ్బయి, ఈ హోదా విజిటింగ్ కార్డు మీద వేసుకోవచ్చా అని అడిగింది. జార్జియా ఆవిడ జీతమెంతని అడిగింది. అర్బాబుకు జీతం ఉండదని, ఏడాదికో పరికిణీ ఉంటుందని రామాంజనేయులు తిరిగి రాశాడు. కాలిఫోర్నియా ఆవిడ ఒప్పుకుంటూనే తన జాకెట్లు నాలుగు వదులు చేయించాలంది. ఇల్లినాయ్ ఆవిడ భర్త ఒక్క ముక్క రాశాడు, ఇకమీదట ఏ సంగతైనా తన లాయరుతో మాట్లాడాలని. ఒప్పుకోకముందే లాయరును కూడా పెట్టుకున్నారంటే ఎంత బాధ్యత గల కుటుంబమోనని రామాంజనేయులు మెచ్చుకున్నాడు. ఆరెగన్ ఆవిడ తమ రాష్ట్రంలో అమ్మకం పన్నే లేదని రాసింది. అలాంటి చోట పరిపాలన ఎలా సాగుతోందో ఆయనకు అర్థం కాలేదు. ఎప్పటికైనా పెడతారు, మీరు పదవిలో ఉండండని జవాబిచ్చాడు.

సుమలత ఒక్క లైను రాసింది. "ఖాదరన్న అడిగిండంటే కాదంటనా." ఆ లైను చదివించుకుని ఖాదర్‌వలి కళ్లు తుడుచుకున్నాడు. దేశం మారినా మనిషి మారలేదనుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ మస్కట్‌లో తనిఖీకి ఎవరొచ్చినా ముందు చూసేది బోర్డు. బోర్డు లేని ఉనికి ఉనికి కిందకు రాదని రామాంజనేయులుకు తోచింది. రూవీలో ఒక ఫ్లెక్సీ అచ్చు వేయించాడు. పైన అరబ్బీలో షాపు పేరు, మధ్యలో ఇంగ్లీషులో షాపు పేరు, పక్కన కత్తెర బొమ్మ, అడుగున ‘న్యూజెర్సీ బ్రాంచి, స్పాన్సర్: శ్రీమతి సుమలత’. అజైబాలో ఉండే ఒక నర్సమ్మ న్యూజెర్సీలో అక్క దగ్గరికి వెళ్తుంటే, ఆ ఫ్లెక్సీని చుట్టి, సరుకు కూడా ఉన్నట్టుంటుందని మూడు నమూనా పరికిణీలు జత చేసి, ఆమె పెట్టెలో పెట్టించాడు. సుమలత దాన్ని తలుపుకు తగిలించి, పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో తీయించుకుని పంపింది. ఖాదర్‌వలి దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి అద్దం పక్కన అంటించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆ వారం ఆయన నడకే మారింది.

పరికిణీలు పదిహేడు అయ్యాయి. ఇంకా మూడు. అలాంటి రోజున, ఏనాడూ కారు దిగని రషీద్ కారు దిగాడు. ఒమానీలు వేసుకునే పొడుగు అంగీకి, దిష్‌దాషాకు, మెడ దగ్గర చిన్న కుచ్చు వేలాడుతుంటుంది, అత్తరు అద్దుకునేది. అది ఊడొచ్చింది. ఖాదర్‌వలి ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి కుచ్చు కుడుతూ ఉండగా, రషీద్ చూపు గోడ మీదికి వెళ్లింది. తన షాపు పేరు చదివాడు. ఎక్కడో మంచు పడ్డ ఇంటి తలుపు చూశాడు. అడుగు లైను కూడబలుక్కుని చదివాడు. ఈమె ఎవరని అడిగాడు.

ఆయన సంతోషిస్తాడనే ఖాదర్‌వలి అనుకున్నాడు. సూది పట్టుకున్న చేత్తోనే లెక్కపెట్టి చెప్పాడు. ఈమె న్యూజెర్సీ అర్బాబు. ఇంకా టెక్సస్‌కొకరు, జార్జియాకొకరు, ఇల్లినాయ్‌కొకరు, కాలిఫోర్నియాకొకరు, ఆరెగన్‌కొకరు. మొత్తం ఆరుగురు.

"ఆరుగురు," అన్నాడు రషీద్ తన హిందీలో. "నేను ఏడోవాణ్ణా?"

సగం కుట్టిన కుచ్చుతోనే లేచాడు. దారం తెగి భుజం మీద వేలాడింది. ఆయన గొంతు పెంచలేదు, పెంచి ఉంటే ఖాదర్‌వలికి అంత భయం వేసేది కాదు. పదకొండేళ్లలో నీ దగ్గర నేను ఒక్క మాట దాచలేదు, నా షాపుకు నాకు చెప్పకుండా ఆరుగురు యజమానుల్ని పెట్టావా అని అడిగాడు. ఖాదర్‌వలి కంగారులో ఏం చేస్తున్నాడో తెలియక సొరుగు లాగి, జైనబీ కాగితం తీసి, ఆయన ముందుకు చాపాడు. అంతకంటే తప్పు సమయం పదకొండేళ్లలో ఇంకొకటి లేదు.

రషీద్ ఫొటోలోని మనిషిని కాసేపు చూశాడు. కాగితాన్ని మెల్లగా పూల గుడ్డ మీద పెట్టాడు.

"ఈ సంతకం నీ అమెరికా అర్బాబులను అడుగు ఖాదర్," అని వెళ్లిపోయాడు.

మర్నాడు పదింటికి హారన్ మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. మూడో రోజు కారు వీధిలోకి వచ్చింది. ఖాదర్‌వలి గ్లాసు పట్టుకుని గడపలోకి పరుగెత్తాడు. కారు నెమ్మదిగా, హారన్ కొట్టకుండా, ముందుకు సాగిపోయింది. ఆ టీ ఆయనే తాగాడు, చల్లారాక. జైనబీ ఫోన్‌లో సంతకమైందా అని అడిగితే అర్బాబు తోటకు పోయినాడని చెప్పాడు. పెళ్లయినప్పట్నుంచీ ఆమెతో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. ఆ రాత్రి అన్నం సహించలేదు. మిగిలిన మూడు పరికిణీలూ మిషను మీద అలాగే పడి ఉన్నాయి.

రామాంజనేయులు మెట్లు దిగడం మానేశాడు. షాపు ముందునుంచి వెళ్లాల్సొస్తే తల వంచుకుని వెళ్లేవాడు. మల్లీశ్వరి ఆయనతో మాటలు తగ్గించి, పంతొమ్మిది పేజీలనూ భోజనాల బల్ల మీద ఆయన కంచం పక్కనే పెట్టడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున షాపు ఫోన్ మోగింది. అటు సుమలత భర్త జితేందర్. పన్నుల కాగితాలు దాఖలు చేసే ఆఫీసులో పని. రెండు వారాలు వేరే ఊళ్లో ఉండి ఆ రోజే ఇంటికొచ్చాడు. తలుపు మీద అరబ్బీ బోర్డు, హాల్లో ఆ బోర్డు చూసి జాకెట్లు పట్టుకొచ్చిన ఐదుగురు ఆడవాళ్లు, మధ్యలో టేపుతో తన భార్య కనిపించేసరికి ఇల్లు తప్పానేమోనని నంబరు చూసుకున్నాడట.

"అన్నా, గీ బోర్డు ఎవల ఆలోచన?" అని అడిగాడు.

ఖాదర్‌వలి రామాంజనేయులును పిలిపించి ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు. స్పీకర్ నొక్కారు. పేజీలతో సహా మల్లీశ్వరి కూడా దిగి వచ్చింది.

"మూడో పేజీ సదువుండ్రి," అన్నాడు జితేందర్.

రామాంజనేయులు చదివాడు. ఏ రాష్ట్రంలోనైతే అమ్మకందారుకు ఏ విధమైన ఉనికీ లేదో, ఆ రాష్ట్రపు పన్ను అతడు వసూలు చేయనక్కర్లేదు.

"మీకు గీడ ఎవ్వలు లేకుండె, గందుకే ఏ బాధ లేకుండె. మీరే కోరి ఆరుగురిని పెట్టుకున్నరు. మనుషులున్నరు, బోర్డున్నది, సరుకున్నది. ఇగ అన్ని రాష్ట్రాలోళ్లు పన్ను కట్టుమంటరు. సరే, ఇప్పుడు పదకొండో పేజీ తియ్యుండ్రి."

పదకొండో పేజీలో రాష్ట్రాలవారీ మినహాయింపులున్నాయి. న్యూజెర్సీలో ఒంటిమీద వేసుకునే బట్టలకు పన్ను లేదు. అంటే మొదట ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ‘లేదు’. ఆ రెండక్షరాలు రాసి ఉంటే అయిపోయేది. మల్లీశ్వరి ఏమీ అనలేదు. రామాంజనేయులు అదే తట్టుకోలేకపోయాడు.

జితేందర్ దారి కూడా చెప్పాడు. ఆ ఆరుగురికీ ఇచ్చిన అధికారాలు రద్దు చేస్తూ ఒక ఉత్తరం రాయాలి. షాపు మస్కట్‌లో తప్ప ఎక్కడా లేదని, దానికి ఇంకెక్కడా మనుషులు లేరని అందులో ఉండాలి. బోర్డు తాను తీసేస్తాడు, మూడు నమూనాలూ తిప్పి పంపేస్తాడు. ఆ ఉత్తరం చేతికందేదాకా ఒక్క పరికిణీ కూడా పంపకూడదు. ఉగాది పన్నెండు రోజుల్లో ఉంది, పార్సిలు చేరడానికే వారం పడుతుంది.

"ఇంగొక ముచ్చట," అన్నాడు. "దాని మీద సంతకం ఓనర్‌దే ఉండాలె. ఖాదరన్నది నడవది."

ఓనరు మూడు రోజులుగా హారన్ కొట్టని మనిషి. పట్టంతా పిల్లల కొలతలకు తెగిపోయి ఉంది, ఇంకెవరికీ పనికిరాదు. ఆ సంతకం లేకపోతే ఇరవై మంది పిల్లలకు పరికిణీలు లేవు, పరికిణీలు వెళ్లకపోతే జైనబీ లేదు. ఖాదర్‌వలి పూల గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు రామాంజనేయులు, తప్పు నాది మామా, నేనూ వస్తానన్నాడు. ఆయన జీవితంలో ఒక కాగితాన్ని చివరిదాకా చదివింది, రాసిన ఉత్తరాన్ని ఒకటికి నాలుగుసార్లు దిద్దింది ఆ రోజే. ఇంగ్లీషులోనూ రాశాడు, పక్కనే అరబ్బీలోనూ రాశాడు. పదేళ్లుగా నింపిన ఫారాల అరబ్బీ ఆ ఒక్క పూటకు ఆదుకుంది.

రషీద్ ఇంట్లో కోపంలో ఉన్నా అతిథి అతిథే. వాళ్లను కూర్చోబెట్టి, ముఖం చూడకుండానే ఖర్జూరాల పళ్లెం జరిపాడు. చిన్న కప్పుల్లో కాఫీ పోశాడు. చాలని కప్పు ఊపేదాకా పోస్తూనే ఉండాలి అక్కడి మర్యాద. భయంలో రామాంజనేయులు కప్పు ఊపడం మరిచిపోయి తొమ్మిది కప్పులు తాగాడు. ఖాదర్‌వలి మాత్రం రషీద్ మెడ వైపే చూస్తున్నాడు. కుచ్చు ఇంకా సగం ఊడే ఉంది. మస్కట్ నిండా టైలర్లుంటే, మూడు రోజులుగా ఆయన ఇంకొకడి దగ్గరికి వెళ్లలేదు. అది చూశాకే ఖాదర్‌వలికి కొంచెం ఊపిరాడింది.

ఉత్తరం అందుకుని రషీద్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అరబ్బీ భాగాన్ని పైకే చదివాడు. వర్దత్ అల్ వాది అనే ఈ షాపు మస్కట్‌లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. దీని యజమాని రషీద్ ఒక్కడే. అమెరికాలోని ఏ రాష్ట్రంలోనూ దీనికి మరో యజమాని గానీ ప్రతినిధి గానీ లేరు, ఇకముందు ఉండబోరు. ఇంతకుముందు ఎవరికి ఏ అధికారం ఇచ్చినా అది చెల్లదు.

ఒకసారి చదివి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి, ఇంకా నెమ్మదిగా చదివాడు. ‘రషీద్ ఒక్కడే’ అన్నచోట వేలు పెట్టి కాసేపు తీయలేదు.

ఇది అమ్మకం పన్ను నిమిత్తం రాసినదని వివరించడానికి రామాంజనేయులు గొంతు సవరించుకున్నాడు. ఖాదర్‌వలి బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కాడు. వాళ్ల స్నేహంలో ఖాదర్‌వలి ఆయన మాటకు అడ్డు తగలడం అదే మొదలు.

ఈ మాటలు నీతో ఎవరు రాయించారని అడిగాడు రషీద్.

"మనసులో ఉన్నదే రాయించినాను అర్బాబ్," అన్నాడు ఖాదర్‌వలి తన వచ్చీరాని అరబ్బీలో. అది అబద్ధం కాదు. పన్ను సంగతి ఆయన అడగలేదు కాబట్టి చెప్పలేదు.

రషీద్ జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. మూత పెట్టకుండా, ఇదొక్కటేనా అన్నాడు. ఖాదర్‌వలికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. తర్వాత చొక్కా లోపలి జేబులోంచి, చెమటకు మెత్తబడ్డ రెండో కాగితం తీశాడు. పిన్నుతో ఉన్న జైనబీ ఫొటో పక్కనే ఆ సంతకం కూడా పడింది. ఖాదర్‌వలి కాలరుకు గుచ్చుకుని ఉన్న సూది తీసి, దారం ఎక్కించి, అక్కడికక్కడే ఆయన కుచ్చు కుట్టడం పూర్తి చేశాడు. కుడుతున్నంతసేపూ ఇద్దరి కళ్లూ చెమ్మగానే ఉన్నాయి. రామాంజనేయులు కప్పు ఊపడం గుర్తొచ్చి ఊపాడు.

మర్నాడు పదింటికి హారన్ మోగింది, మామూలు కంటే ఎక్కువసేపు. ఉత్తరానికి నకలొకటి ఫ్రేము కట్టించి, ఆ మంచు ఇంటి ఫొటో తీసేసి, దాని స్థానంలో తగిలించమని కారులోంచే ఆజ్ఞ అయింది. తగిలించారు. ఇరవై పరికిణీలూ ఉగాదికి రెండు రోజుల ముందు చేరాయి. ఆరుగురూ పదవీచ్యుతులయ్యారు. టెక్సస్ ఆవిడ అప్పటికే కార్డులు అచ్చేయించిందట. సుమలత ఇంటి తలుపు మీద బోర్డు పోయినా జాకెట్లు రావడం ఆగలేదని, చివరికి ఆవిడే ఒక మిషను కొనుక్కుందని జితేందర్ కొంత దిగులుగా రాశాడు.

ఇప్పుడా షాపు లేదు, ఆ చోట ఫోన్లు బాగుచేస్తారు. రషీద్ కూడా లేడు. పదింటికి ఆ వీధిలో ఎన్నో కార్లు హారన్ కొడతాయి గానీ, గ్లాసు పట్టుకుని గడపలోకి పరుగెత్తేవాళ్లెవరూ లేరు. అక్కడి నుంచి వచ్చేసినవాళ్లు ఏ ఊళ్లో కలిసినా మాటల్లో ఆ ఫ్రేము కట్టిన ఉత్తరం వస్తుంది. అది పన్నుల కాగితమని ఆ వీధిలో తెలిసినవాళ్లు ముగ్గురే, ఆ ముగ్గురూ రషీద్ ఉన్నన్నాళ్లూ నోరు విప్పలేదు.

జైనబీ ఆ ఏడాది రంజాన్‌కు ముందే వచ్చింది. విమానాశ్రయం నుంచి తిన్నగా షాపుకే వచ్చింది. గోడ మీది ఫ్రేము ఏమిటని అడిగి, షాపుకు యజమాని ఒక్కడేనని రాసిన కాగితమని భర్త చెబితే, బాగుందని తల ఊపింది. రెండో మిషను మీది పూల గుడ్డ తీసి, దులిపి, మడత పెట్టింది. ఖాదర్‌వలి మిషనును తలుపు దగ్గర్నుంచి మూలకు జరిపించి, తన మిషను వెలుతురులో వేసుకుంది. పదకొండేళ్లుగా కుడివైపు ఉన్న కత్తెరను ఎడమవైపుకు మార్చి, ఇక దాని చోటు ఇదేనంది.

ఆ రోజు నుంచి షాపుకు ఇద్దరు అర్బాబులు; ఆ సంగతి ఏ రాష్ట్రానికీ ఉత్తరం రాయలేదు.